ఆరని తువ్వాళ్ళు

అక్క పోయిన నెలన్నరకి మెకానిక్ ఆ ఇంటికి వెళ్ళాడు.

అందరిళ్ళలో వాషింగ్ మెషీన్లు, డ్రయ్యర్లు బాగుచేసేవాడు, సొంత అక్క తన డ్రయ్యర్ వేడెక్కడం లేదని నాలుగు నెలలు పోరినా రేపొస్తా, ఎల్లుండొస్తా అంటూ నెట్టుకొచ్చాడు. చివరికి ఓ ముసురు రోజున, వాన కాస్త తెరిపిచ్చిందని, ఆవిడ తడిబట్టల బకెట్ ఎత్తుకుని డాబా మీదికి వెళ్తూ మెట్ల మీద జారింది. మళ్ళీ లేవలేదు.

బావ ఒక్క మాట అనలేదు. డ్రయ్యర్ ఓసారి చూసిపెట్టమని మాత్రం అడిగి, పనుందని బయటికి వెళ్ళిపోయాడు. నాలుగు తిట్టినా బావుండేది అనుకున్నాడు మెకానిక్.

మిట్టమధ్యాహ్నమే అయినా మబ్బు పట్టి వెనకగది చీకటిగా ఉంది. సబ్బు వాసన, దాని అడుగున ముక్కిన తడివాసన. డ్రయ్యర్ జల్లెడ లాగితే దుప్పటి మందాన బట్టల నూగు వచ్చింది. గాలి గొట్టం నిండా కూడా అదే. గాలి ఆడక, లోపల వేడి పెరిగి ఫ్యూజు పోయింది. అంతే. గొట్టం దులిపి, ఫ్యూజు మార్చాడు. ఇరవై నిమిషాల పని.

ఇరవై నిమిషాలు. మొహం చేతుల్లో దాచుకుని చాలాసేపు నేల మీదే కూర్చుండిపోయాడు.

తర్వాత రెండు తువ్వాళ్ళు తడిపి, గట్టిగా పిండి, లోపల వేసి మీట నొక్కాడు. డ్రమ్ము తిరిగింది. గొట్టం దగ్గర చెయ్యి పెడితే వేడిగాలి తగిలింది. అరగంటకి మెషీన్ ఆగాక తలుపు తీశాడు.

తువ్వాళ్ళు నీళ్ళోడుతున్నాయి. తను పిండినప్పటికంటే ఎక్కువగా.

హీటరు చూశాడు, బాగానే కాలుతోంది. బెల్టుకేం కాలేదు. మళ్ళీ వేశాడు. ఈసారి తలుపు సందులోంచి నీళ్ళు కారాయి... ముట్టుకుంటే మంచులా ఉన్నాయి... వాన వాసన.

ప్లగ్గు పీకేశాడు.

డ్రమ్ము ఆగలేదు.

మెల్లగా... ఒక్కో చుట్టూ... లోపల బరువైనదేదో మెట్టు మెట్టుకీ తగులుతూ దొర్లుతున్నట్టు... ధబ్... ధబ్...

"అక్కా..." అన్నాడు. "వచ్చాను కదక్కా..."

చప్పుడు ఆగింది. చెవి పక్కనే అలసిపోయిన ఊపిరి.

"ఇప్పుడా రావడం?"

పనిముట్ల సంచి అక్కడే వదిలేసి వానలో పడి పరుగెత్తాడు. ఇల్లు చేరేసరికి నిలువునా తడిసి ముద్దయ్యాడు. భార్య అతని చొక్కా విప్పబోతూ ఆగిపోయింది.

"ఇక్కడ ఎవరు పట్టుకున్నారు?" అంది మెల్లగా.

ఎడమ భుజం మీద, అయిదు వేళ్ళ మేర, గుడ్డ పొడిగా ఉంది. అప్పుడే ఇస్త్రీ చేసినట్టు వెచ్చగా.

చొక్కా విప్పి బకెట్లో ముంచాడు. రెండుసార్లు... మూడుసార్లు...

అక్కడ మాత్రం తడవలేదు.