మూడో షెడ్డులో తనంతట తిరిగే చక్రం

విమానాలు బాగుచేసే ఆ చోట మూడో షెడ్డంటే ఎంతటి మొనగాడికైనా ముచ్చెమటలే. పగలు పదిమంది ఉంటే సరే. పొద్దుగూకాక అక్కడి ముసలి విమానంలోకి ఒంటరిగా ఎవరూ ఎక్కరు. ఎక్కక తప్పకపోతే తలుపు దగ్గర ఆగి, “తల్లీ, నేనే... పనిమీదొచ్చా” అని చెప్పుకుని మరీ ఎక్కుతారు.

ఎందుకంటారా — పైలట్ మోకాలి పక్కన ఒక చక్రం ఉంటుంది. విమానం ముక్కు లేవాలన్నా దిగాలన్నా తోకను సర్దేది అదే. ఆ చక్రం... మనిషి చెయ్యి పడకుండా తిరుగుతుందట!

ఓ తెల్లవారుజామున గాల్లోనే తిరిగింది. ముక్కు నేలచూపులు చూస్తుంటే పైలట్లిద్దరూ దాన్ని పట్టుకుని వేలాడారట. దిగాక ఫిర్యాదు రాశారు. ఓ ఎలక్ట్రీషియన్ మధ్యాహ్నం భోంచేసి వచ్చి, చూసి, “లోపం కనబడలేదు” అని సంతకం గీకాడు. అలా ఏడు ఫిర్యాదులు, ఏడు భోజనాలు, ఏడు సంతకాలు.

ఎనిమిదోది మన టెస్టర్ వంతు. పెళ్లిఫోటోలో కూడా జేబులో టెస్టరుతో నిలబడ్డ ఎలక్ట్రీషియన్ కాబట్టి ఆ పేరు. పొద్దున ఆరింటికి నూట ఎనభైమంది ఎక్కాలి. ఈయన సంతకం పడితేగాని విమానం కదలదు.

“ఏడుగురు పెట్టారుగా, మీరూ పెట్టేసి రండి,” అంది భార్య ఫోన్లో.

“వాళ్లంతా ఎండలో చూశారే. అది తిరిగేదేమో చలివేళ.”

“మరి దెయ్యం మిట్టమధ్యాహ్నం వస్తుందా ఏంటి!”

ఎక్కాడు. కరెంటు వేశాడు, నూనె పంపు వేశాడు, కూర్చున్నాడు. ఒంటిగంట... రెండు... చలికి రేకులు బిగుసుకుంటూ టక్... టక్... ఎవరో నడుస్తున్నట్టు.

కిర్ర్‌ర్...

చక్రం తిరిగింది!

టెస్టర్ చెయ్యి అలవాటు కొద్దీ జేబులోకి పోయింది. నేలమీద బోర్లా పడుకుని అడుగు పలక విప్పాడు. టార్చి వేశాడు. ఒరుసుకుని తోలూడిన ఒక వైరు — పక్కనే ఇనప పట్టీ. ఎండలో రెండింటికీ వెంట్రుకవాసి ఎడం. చల్లబడి పట్టీ ముడుచుకుంటే... చిటుక్కున ముద్దు, చక్రానికి కరెంటు!

“ఓసి నీ దుంపతెగ... నువ్వా!”

కరెంటు, పంపు అన్నీ ఆపేసి, బ్యాటరీ ప్లగ్గు పీకి, మేనేజరుకి ఫోన్ చేశాడు. ఆయన నైట్ ప్యాంటు మీద కోటు తొడుక్కుని వచ్చాడు. వైరు చూశాడు. మొహం మాడ్చుకున్నాడు.

“వైరని రాస్తే ఇలాంటి విమానాలు పద్నాలుగూ ఆపి, విప్పి చూడాలయ్యా,” గుసగుసగా అన్నాడు. “దెయ్యమైతే ఆ బాధ లేదు. దెయ్యమనే అనుకుందాం.”

“నూట ఎనభైమంది సార్...”

“ఏడుగురికి లేని రోగం నీకేంటి? సంతకం పెడతావా... రేపట్నించి ఇంట్లో కూర్చుని ఫ్యాన్లు బాగుచేసుకుంటావా?”

టెస్టర్ వాచీ చూసుకుని ఏదో లెక్క వేశాడు.

“సరే సార్. తోక దగ్గరికొచ్చి ఒక్కసారి చూడండి. మీరు బాగుందంటే పెట్టేస్తా.”

ఇద్దరూ తోక కింద నిలబడ్డారు. చీకటి. చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం.

అప్పుడు... నెత్తిమీద తోకరెక్క... మెల్లగా... మెల్లగా... కిందికి వంగింది.

“క... కరెంటు తీశానన్నావ్?”

“ప్లగ్గు నా చేతిలోనే ఉంది సార్.”

మేనేజరు ఫిర్యాదు కాగితం లాక్కుని, టెస్టర్ వీపుమీదే పెట్టి, ‘వైరు లోపం, పద్నాలుగూ ఎగరరాదు’ అని వంకరటింకరగా రాసి, కింద సంతకం చేసి, ఒక చెప్పు అక్కడే వదిలేసి పరుగు!

అసలు సంగతేంటంటే — నూనె పంపు ఆపాక ఆ రెక్కను నిలబెట్టే నూనె ఒత్తిడి గంటకల్లా దిగిపోతుంది. రెక్క తన బరువుకి తనే వాలుతుంది. రోజూ జరిగేదే, షెడ్డు ఊడ్చేవాళ్లకి కూడా తెలుసు. ఆరేళ్లుగా విమానాల్ని కాగితాల మీదే నడుపుతున్న మేనేజరుకే తెలీదు.

చెబుదామనే అనుకున్నాడట టెస్టర్... ఏం లాభం, అప్పటికే ఆయన కారు గేటు దాటేసింది.