ఆమె చెవికి మాత్రమే

గుమ్మంలో నిలబడ్డ మనిషిని కోడలు వెంటనే గుర్తుపట్టింది. పోస్టర్ల మీద నవ్వే ఆ గాయని ముఖం ఇప్పుడు పాలిపోయి ఉంది. నిన్నటి స్టేజీ బట్టలే ఇంకా ఒంటిమీద ఉన్నాయి.

“అత్తయ్యా, మీకోసమే!” అని లోపలికి కేకేసింది.

అత్తగారు కేసులు పట్టడం, కోడలు ఆవిడ వెంట సంచీ మోయడం మొదలై చాలా ఏళ్లయింది. ఈ ఇద్దరినీ నమ్ముకుంటే పస్తులేనని కొడుకు వంట నేర్చుకున్నాడు.

గాయని కుర్చీలో కూలబడింది. “నా చెవులు పోతున్నాయండీ. పాట అందుకోగానే నా గొంతు నాకే నూతిలోంచి వస్తున్నట్టుంటుంది. ఎవరో వెనకాలే వెక్కిరిస్తున్నట్టుంటుంది. తాళం తప్పుతున్నాను. నిన్న పాట మధ్యలో వదిలేసి లోపలికి పరిగెత్తాను. జనం ఈలలు వేశారు.”

“డాక్టరేమన్నాడు?”

“చెవులు బంగారంలా ఉన్నాయన్నాడు. దాంతో మా ఆయన, జబ్బు చెవికి కాదు, మనసుకి అంటున్నాడు. ఈ సాయంత్రం స్టేజీ ఎక్కి, ఇక పాడనని చెప్పెయ్యాలట. సరేనన్నాను. ఆలోపు మీరొక్కసారి చూడండి. నాకు నిజంగా పిచ్చో కాదో చెప్పండి, చాలు.”

“ప్రాక్టీసులోనూ ఇంతేనా?”

“లేదండీ. జనం ముందే.”

గాయని ఫోన్లో నిన్నటి కచేరీ రికార్డింగు ఉంది. అత్తగారు కళ్లు మూసుకుని వింది. గొంతు స్వచ్ఛంగానే ఉంది, తాళానికి మాత్రం వెనకబడి నడుస్తోంది. నుయ్యీ లేదు, వెక్కిరింతా లేదు.

“హాల్లో ఎవరికీ వినబడని నుయ్యి,” అంటూ అత్తగారు చెప్పులు వేసుకుంది.

నిన్న కచేరీ జరిగిన హాల్లో ఖాళీ కుర్చీలు వరసలుగా ఉన్నాయి. గాయని భర్త ఫోన్లో ఎవరితోనో, ఇదే ఆఖరి ప్రోగ్రాం అని చెబుతున్నాడు. తల్లి పోయాక గాయనిని పెంచింది అక్క. స్టేజీ మీద చెల్లెలి వెనక నిలబడి కోరస్ పాడేదీ ఆవిడే. ఆవిడ పరిగెత్తుకొచ్చి చెల్లెల్ని పొదువుకుంది.

“ఎక్కడికెళ్లావే తల్లీ? ఏమైనా తిన్నావా? పోతే పోనీవే ఆ పాట, నేను లేనూ!”

సౌండు చూసే బట్టతలాయన మీటల బల్ల, అదే మిక్సర్ దగ్గర బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాడు.

“రివర్బ్ అంటే ఏంటయ్యా?” ఒక మీట కింద రాసున్న మాట చూసి అడిగింది అత్తగారు.

“గొంతుకి గది తొడగడం అమ్మా. బాత్రూంలో ఎవరు పాడినా బాగుంటుంది కదా, అదే. కొంచెం వేస్తే గొంతు నిండుగా ఉంటుంది. ఎక్కువైతే ముద్దయిపోతుంది. మోత మొదలయ్యే ముందు కాస్త ఆలస్యం కూడా పెట్టొచ్చు.”

“అది హాలుకి వేరుగా, పాడేటప్పుడు ఆవిడ పెట్టుకునే ఇయర్‌ఫోన్లలోకి వేరుగా వెయ్యొచ్చా?”

“వెయ్యొచ్చు. కానీ మిక్సర్ తెరమీద ఆవిడ చెవికి వేరే పేజీ ఉంది, ప్రాక్టీసులో ఒకసారి సరిచేశాక నేను దాన్ని మళ్లీ తెరవను. నా కళ్లన్నీ హాలు మీదే.”

“దీన్ని నువ్వు తప్ప ఎవరూ ముట్టుకోలేరా?”

అతను మిక్సర్ అంచున ఉన్న చీటీ చూపించాడు. “ఫోన్లోంచి కూడా నడపొచ్చు. మర్చిపోతానని పాస్‌వర్డు ఇక్కడే అంటించుకున్నాను.”

“బాగుంది! తాళంచెవి తలుపుకే వేలాడదీశావు,” అంది కోడలు.

“నాకు ఆ మీటల సంగతేం తెలీదమ్మా,” అంది అక్క, ఎవరూ అడక్కుండానే.

“నిన్న ఈ అమ్మాయి పాట వదిలేసి లోపలికి వెళ్లాక దీన్నేమైనా మార్చావా?” సౌండాయన్ని అడిగింది అత్తగారు.

“స్విచ్చి ఆపానంతే. ఆపినప్పుడు ఎలా ఉందో, వేస్తే అలాగే లేస్తుంది.”

“వెయ్యి. ఇంకేమీ ముట్టుకోకు.”

అత్తగారు గాయని ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఆవిడ మైకు ముందు రెండు ముక్కలు గొణిగి తీసేసింది. ముఖంలో ఏ మార్పూ లేదు. అలా ఉందంటే ఏదో దొరికినట్టేనని కోడలికి తెలుసు.

“ముగ్గురూ వంతులవారీగా ఇవి పెట్టుకుని, పేపర్లో ఈ వార్త చదవండి. గొంతులు వినాలి, అంతే.”

భర్తకి రెండో వాక్యానికే నత్తి వచ్చింది. “ఏంటిది, నాలుక తిరగట్లేదు!” అని ఇయర్‌ఫోన్లు విసిరికొట్టాడు. సౌండాయన నాలుగు మాటలకే తడబడి నవ్వబోయాడు. అంతలో విషయం అర్థమై నవ్వు చచ్చిపోయింది. అక్క ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, జుట్టు చెవుల మీదికి సర్దుకుని, వార్త మొత్తం గడగడా చదివేసింది.

“ఏముందిందులో?” అంది.

పాపం, ఈవిడకేమీ తెలీదు, అనుకుంది కోడలు.

అత్తగారు నలుగురినీ స్టేజీ అంచున కూర్చోబెట్టింది. “మన మాట మనకే ఒక క్షణం ఆలస్యంగా, మోతతో చెవిలో పడితే ఎంతటి వాడికైనా నోరు తడబడుతుంది. నాకూ తడబడింది. అది మీకు తెలియకూడదనే గొణిగాను. పాట మొదలవగానే ఎవరో ఫోన్లోంచి ఈ అమ్మాయి చెవిలోకి మాత్రమే దాన్ని పంపేవారు, అవగానే తీసేసేవారు. నిన్న గొడవలో తియ్యలేదు. ఇందాక పేపరు ఇచ్చినప్పుడు ఆ చెవిలో ఏముందో నేనెవరికీ చెప్పలేదు. తెలియని వాళ్లిద్దరూ తడబడ్డారు. తెలిసిన మనిషి జుట్టు సర్దుకునే వంకతో ఇయర్‌ఫోన్లు వదులు చేసుకుంది. ఏమ్మా, మీటల సంగతి తెలియని దానివి, నీ ఫోనివ్వు.”

కోరస్ మాటలు చూసుకునే ఆ ఫోన్లో మిక్సర్ పేజీ తెరిచే ఉంది.

“అక్కా…” అంది గాయని.

“ముందు నా మీదే వేసి చూసుకున్నాను,” అంది అక్క నేలచూపులు చూస్తూ. “ఒక్క చరణం కూడా నిలబెట్టలేకపోయాను. అయినా వేశాను. పాట బాగున్నన్నాళ్లూ నావైపు తిరిగైనా చూశావా? నీ వీపు చూస్తూ రాగాలు తీశాను. తాళం తప్పిన రోజున నా ఒళ్లో తలపెట్టి ఏడ్చావు. చిన్నప్పటిలా. మళ్లీ ఏడుస్తావని ఇంకాస్త పెంచాను.”

“పోలీసుల్ని పిలుస్తాను,” అని భర్త లేచాడు.

“వద్దు. పిచ్చని నువ్వూ అన్నావుగా, కూర్చో,” అంది గాయని. “అక్క ఎక్కడికీ వెళ్లదు. రోజూ నా వెనకే పాడుతుంది.”

అక్క రెండు చేతులూ జోడించి బావురుమంది. కోడలికీ కళ్లు చెమర్చాయి. పెంచిన చెయ్యి కదా, క్షమించేసింది అనుకుంది.

గాయని సౌండాయన వైపు తిరిగింది. “నా చెవిలోంచి అది తీసెయ్. అక్క చెవిలో పెట్టు. ఊడకుండా టేపు వెయ్యి. అక్క మైకు కూడా బాగా పెంచు. తప్పులన్నీ హాలంతా వినాలి.”

అతను అత్తగారి వైపు చూశాడు. కోడలూ చూసింది. అత్తయ్య ఇప్పుడు ఏదో ఒకటి అంటుంది, అనాలి.

అత్తగారు సంచీ తీసి కోడలి భుజాన వేసింది. “పిచ్చో కాదో చెప్పమంది. కాదని తేలింది. పద.”

వాళ్లు గుమ్మం దాటుతుండగా వెనక టేపు చింపుతున్న చప్పుడు వినిపించింది.