బెతీనా గొంతులో ఎవరు?

ఆ ఉదయం పెరట్లో గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంది. జుసారా కట్టెల పొయ్యి మీద పైన్ చెట్ల పిన్యావు గింజలు ఉడకేస్తోంది. ఆమె భర్త అమౌరి పాల బండి స్టార్టు చేసి, ఇంజను వేడెక్కేలోపు 'మాటే' ఆకుల తేనీరు రెండు గుక్కలు తాగి వెళదామని మళ్ళీ లోపలికొచ్చాడు. మాటే పోసిన సొరబుర్ర వాళ్ళమ్మ చేతిలో ఉంది. ముందు ఆవిడ తాగాలి, తర్వాత కొడుకు, ఆఖరికి కోడలు. ఆ ఇంట్లో అదీ పద్ధతి.

"వో, పాలు!"

వెనక నుంచి ఆ మాట వినబడగానే జుసారా చేతిలో గరిటె జారి కింద పడింది. ఎవరో మగమనిషి వంటింట్లోకొచ్చి అడిగినట్టుంది. తిరిగి చూస్తే గుమ్మంలో కూతురు బెతీనా. నాలుగేళ్ళు నిండని పిల్ల. కాళ్ళకి ఉన్ని మేజోళ్ళు, చంకలో గుడ్డబొమ్మ. మా ఊళ్ళో పిల్లలందరూ నాన్నమ్మని 'వో' అనే పిలుస్తారు గానీ, ఏ పిల్లా అలాంటి గొంతుతో పిలవదు.

"జలుబింకా తగ్గలేదా నా తల్లికి? ఇలాగే ఉంటే చర్చి పాటల్లో నిన్ను మగవాళ్ళ వరసలో నిలబెడతారే!" అని నవ్వాడు అమౌరి.

"నవ్వకు. ముక్కు కారట్లేదు, దగ్గూ లేదు. జలుబైతే వేసవి నుంచి ఉంటుందా?" అంది జుసారా.

అమౌరి తల్లి దొనా ఒతీలియా మాత్రం కళ్ళు మూసుకుని, ఇష్టమైన పాట వింటున్నట్టు, పిల్ల గొంతు వింటూ కూర్చుంది. ఆవిడ పేరుకి ముందు 'దొనా' చేర్చకుండా పలికే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేదు, కోడలికి సైతం. దిష్టి తీయడంలో ఆవిడ చెయ్యి గొప్పదని చుట్టుపక్కల ఊళ్ళన్నీ నమ్ముతాయి. పాలు తాగని పసికందునీ, నిద్రలో ఉలిక్కిపడే పిల్లాడినీ ఎత్తుకుని జనం ఆ ఇంటి ముందు నిలబడతారు. సదాపాకు రెమ్మతో మూడుసార్లు తలచుట్టూ తిప్పి, ఏదో గొణిగి పంపిస్తుంది. నేనూ నా పిల్లల్ని తీసుకెళ్ళినదాన్నే కాబట్టి వెక్కిరించను.

గొంతు ఒక్కటే అయితే జుసారా అంత భయపడేది కాదు. నెల్లాళ్ళుగా పిల్ల దిండు దగ్గర చెమట వాసన వస్తోంది. పసిపిల్లల వాసన కాదు, పొలం నుంచి వచ్చిన మగవాడి చొక్కా వాసన. పై పెదవి మీద సన్నగా నూగు వచ్చింది. మొన్న పొయ్యి దగ్గరున్న కట్టెల మోపుని అమౌరి ఎత్తేలోపు పిల్లే ఎత్తి పక్కన పెట్టేసింది. చూసిన పక్కింటివాళ్ళు చప్పట్లు కొట్టారు. జుసారా మాత్రం పిల్లని ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళిపోయింది.

అన్నిటికన్నా భయం వేసింది ఆదివారంనాడు. కొట్టం పక్కన ఆడుకుంటున్న బెతీనా రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేసి, "ఫుమాసా! ఫుమాసా! రావే!" అని పిలిచింది.

అమౌరి మొహంలో నెత్తురు లేదు. "ఆ పేరు దీనికెవరు చెప్పారు?"

"ఎవరది?" అంది జుసారా.

"మా కంచరగాడిద. నేను పుట్టేనాటికే ముసలిది. మా అన్నయ్య వల్దో దాని మీంచి పడే చచ్చిపోయాడు."

పిల్ల ఖాళీ కొట్టం కేసి చూస్తూ, ఎవరికో దారి ఇస్తున్నట్టు పక్కకి జరిగింది.

ఆ సాయంత్రమే జుసారా అత్తగారి ముందు నిలబడి, "దొనా ఒతీలియా, పిల్లకి దిష్టి తీయండి," అని అడిగింది.

"దానికేం దిష్టి? నిక్షేపంలా ఉంది."

"ఊరందరి పిల్లలకీ తీస్తారు. మనింటి పిల్లకి తీయమంటే ఎందుకు తీయరు?"

ముసలావిడ చేతిలో ఉన్న సదాపాకు రెమ్మని తీసి పొయ్యిలో పారేసింది. "చెప్పానుగా, అవసరం లేదని."

సముద్రం పక్క ఊరి నుంచి వచ్చిన కోడలంటే ఆవిడకి మొదట్నుంచీ చిన్నచూపే. "మా ఇంట్లో ఎవరికీ రోగాలు లేవు. ఏమన్నా ఉంటే మీ వాళ్ళ రక్తంలోనే ఉంటుంది," అని ఎన్నోసార్లు అంది. ఆ రోజు మాత్రం అలా కూడా అనలేదు. అదే జుసారాకి మరీ వింతగా అనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం బట్టలు ఆరేసి వస్తూ జుసారా పడగ్గది కిటికీ దగ్గర ఆగిపోయింది. లోపల మాటలు వినిపిస్తున్నాయి.

"చలేస్తోందా వల్దో?" అది అత్తగారి గొంతు. జీవితంలో ఎన్నడూ వినని మెత్తని గొంతు.

"లేదమ్మా," అంది ఆ రెండో గొంతు. బొంగురుగా, నిద్రమత్తుగా, మగగొంతు.

"మళ్ళీ వెళ్ళవు కదా నాన్నా?"

"వెళ్ళనమ్మా."

జుసారా ఖాళీ బట్టల బుట్ట అక్కడే వదిలేసి గదిలోకి పరిగెత్తింది. మంచం మీద బెతీనా, ముసలావిడ ఒడిలో. పిల్ల చేతిలో ఎన్నడూ చూడని చెక్క గాడిద బొమ్మ ఒకటి ఉంది.

"ఏం చేస్తున్నారు మీరు! నా పిల్లని ఏం చేస్తున్నారు?"

ఆ అరుపుకి, అప్పుడే బండి దిగి తాళాలు మేకుకి తగిలించిన అమౌరి కూడా పరిగెత్తుకొచ్చాడు.

"మీ అమ్మ దీన్ని మీ అన్న పేరుతో పిలుస్తోంది. ఇది అమ్మా అని పలుకుతోంది. ఆ గాడిద పేరు ఈవిడే నేర్పింది! ఎన్నాళ్ళుగా సాగుతోందో ఇది! ఇంక నేనొక్క నిమిషం ఉండను. కురిటీబా తీసుకెళ్ళి పెద్దాసుపత్రిలో చూపిస్తాను."

"ఆసుపత్రికా?" దొనా ఒతీలియా పిల్లని గుండెలకి అదుముకుంది. "వీణ్ణి మళ్ళీ తీసుకుపోనివ్వను. ఒకసారి తీసుకెళ్ళాను. శవపెట్టెలో ఇంటికొచ్చాడు."

అమౌరి గోడకి చేరబడ్డాడు. "ఏమిటమ్మా ఆ మాట? అన్నయ్య గాడిద మీంచి కదా పడ్డాడు?"

ముసలావిడ కొడుకు వంక చూడకుండానే చెప్పింది.

"పడలేదు. ఎవరు పడ్డారు? ఐదేళ్ళకే వాడికి పెద్దాడి గొంతొచ్చింది. మూతి మీద నూగొచ్చింది. ధాన్యం మూటలెత్తేవాడు. సంతలో జనం చుట్టూ చేరి చప్పట్లు కొట్టేవాళ్ళు. నేనూ కొట్టాను, అమౌరీ. మురిసిపోతూ కొట్టాను. తర్వాత పొట్ట గట్టిపడింది. వాడిలో దెయ్యముందని ఇంటికి రావడం మానేశారు అందరూ. ఊరందరికీ దిష్టి తీసే నేను, నా కొడుక్కి రోజూ తీశాను. ఏం లాభం? పోయాక ఆ మాటలు వాడి సమాధి మీద కూడా పడకూడదని గాడిద మీంచి పడ్డాడని చెప్పాను. పాపం, ఆ మూగజీవం మీద నింద వేశాను."

"మరి దీనికి ఎందుకు తీయనన్నారు?" అంది జుసారా.

"తీస్తే వాడు వెళ్ళిపోతాడుగా! ఇన్నేళ్ళకి వచ్చాడు. అదే గొంతు, అదే వాసన. నా బిడ్డ వాసన నాకు తెలీదా?"

జుసారాకి కోపం రావాలి. కానీ కోపం కన్నా ముందు ఏదో తట్టింది. మంచం మీద మోకాళ్ళ మీద కూర్చుని, "వల్దోకి పొట్ట ఎక్కడ గట్టిపడింది?" అని అడిగింది.

"ఇక్కడ. ఎడమ పక్కన, డొక్క కింద."

జుసారా ఆ ముసలి చేతిని పట్టుకుంది. బెతీనా స్వెట్టరు పైకి లాగి, ఆ చేతిని పిల్ల ఎడమ డొక్క కింద పెట్టి నొక్కింది.

ముసలావిడ వేళ్ళు ఒక్క క్షణం కదలకుండా ఉండిపోయాయి. మళ్ళీ మెల్లగా తడిమాయి. ఆవిడ మొహం చూస్తూ చూస్తూనే పాలిపోయింది.

"చక్కిలిగిలి పెట్టకు, వో," అని ఆ బొంగురు గొంతుతో నవ్వింది బెతీనా.

దొనా ఒతీలియా లేచింది. గోడ మేకుకి తగిలించిన తాళాలు తీసి కొడుకు చేతిలో పెట్టింది. "వాడు కాదురా వచ్చింది. వాడి జబ్బు వచ్చింది. బండి తియ్యి. పాలు పోతే పోనీ."

కురిటీబాలో పరీక్షలు చేసిన డాక్టరమ్మ పేరు నొయేమీ. నెమ్మదస్తురాలు. మూత్రపిండం మీద ఉండే చిన్న గ్రంథిలో గడ్డ పెరిగిందనీ, అది మగ హార్మోన్లు కురిపిస్తోందనీ, గొంతూ నూగూ వాసనా అన్నీ వాటివల్లేననీ చెప్పింది. ఇంట్లో అందరి రక్తం తీయించింది.

ఆపరేషనయింది. గడ్డ పగలకుండా మొత్తంగా బయటికి వచ్చిందనీ, వేరే చోట్లకి పాకలేదనీ తెలిసింది. రక్తపరీక్షలు కూడా వచ్చాక డాక్టరమ్మ ముగ్గుర్నీ పిలిచి కూర్చోబెట్టింది.

"మనుషుల్లాగే ప్రొటీన్లకీ కుటుంబాలుంటాయి. ఒక కుటుంబంలో ముగ్గురు అన్నదమ్ములున్నారనుకోండి. ముందుగా మాకు దొరికినవాడి పేరు పీ-53. తమ్ముళ్ళిద్దరికీ ఒంటిని కట్టే పని ఎక్కువ. వీడిది కాపలా. ఏ కణమైనా చెడిపోతే దాన్ని ఆపడమో, చంపెయ్యడమో చేస్తాడు. అయితే వీడు ఒంటరిగా పనిచెయ్యలేడు. అలాంటివి నాలుగు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుంటేనే కాపలా. మీ ఇంట్లో ఆ చేతిలో చిన్న లోపముంది. ఒక్కోసారి పట్టు జారిపోతుంది."

"అంటే దెయ్యం కాదా?" అంది దొనా ఒతీలియా.

"కాదమ్మా."

"శాపం?"

"కాదు. ముక్కు పోలిక వచ్చినట్టే ఇదీ. కంచరగాడిదల మందలు తోలుకుంటూ మన దారుల్లో తిరిగిన పాతకాలం వాళ్ళతో వచ్చిందంటారు. ఈ చుట్టుపక్కల చాలా ఇళ్ళల్లో ఉంది. చాలామందికి ఏమీ కాదు, తెలియను కూడా తెలియదు."

"ఎవరి నుంచి వచ్చింది?" అమౌరి అడిగాడు.

డాక్టరమ్మ కాస్త ఆగి, "మీ నుంచి. మీకు మీ అమ్మగారి నుంచి," అంది. "మీరిద్దరూ కూడా ఇకమీదట వరసగా పరీక్షలకి రావాలి. పాపకి కొన్ని నెలలకోసారి పొట్ట స్కాను చేస్తాం. రేడియేషన్ వీలైనంత దూరం పెడతాం. కాపలా బలహీనంగా ఉన్న ఒంట్లో అదే కొత్త గడ్డలకి దారితీయొచ్చు. జారిపోయే ఆ చేతిని మళ్ళీ పట్టుకునేలా చేసే మందుల కోసం వెతుకుతున్నారు. అవి వచ్చేదాకా మన కాపలా మనమే కాయాలి."

వరండాలోకి వచ్చాక దొనా ఒతీలియా బల్ల మీద కూలబడింది. మా వీధిలో ఆవిడ ఏడవగా చూసినవాళ్ళు లేరు. ఆ రోజు ఏడ్చింది.

"మీ రక్తం, మీ రక్తం అని నిన్ను ఎన్ని మాటలన్నాను! వల్దోకి ఇచ్చింది నేను. వీడికిచ్చింది నేను. పసిదానికీ నా నుంచే. నీ నోటికొచ్చినట్టు తిట్టు జుసారా. తిట్టకపోతే నేను బతకలేను."

తిట్టడానికి జుసారా దగ్గర ఎన్నేళ్ళ మాటలో పోగుపడి ఉన్నాయి. కానీ ఆ మధ్యాహ్నం పిల్ల డొక్క కింద ఆగిపోయిన ఆ ముసలి చెయ్యి గుర్తొచ్చింది. పక్కన కూర్చుని ఆ చేతినే తన చేతిలోకి తీసుకుంది.

"తెలిసి ఇచ్చావా? నీకూ ఎవరో ఇచ్చారు. తాళాలు తీసి ఇచ్చింది నువ్వే కదా. లే అమ్మా. పిల్లకి మెలకువ వచ్చే వేళయింది."

దొనా ఒతీలియా తల ఎత్తి చూసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో కోడలు 'అమ్మా' అనడం అదే మొదలు.

పిన్యావు గింజల కాలం పోయి, పెరట్లో పీచ్ పళ్ళ చెట్లు పూసేనాటికి బెతీనా పెదవి మీది నూగు రాలిపోయింది. దిండు దగ్గర మళ్ళీ పాలవాసనే. గొంతులో ఆ జీర పూర్తిగా పోకపోవచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది, కొంచెం ఉండిపోయింది. కానీ అది ఇప్పుడు జీరగొంతు పిల్ల గొంతే, మగవాడిది కాదు.

ఒక ఉదయం సొరబుర్ర ముందు కోడలి చేతికిచ్చి, దొనా ఒతీలియా సదాపాకు రెమ్మ కోసుకొచ్చింది. పిల్లని స్టూలు మీద కూర్చోబెట్టింది. జుసారా చిక్కుడు గింజలు వలుస్తున్నదల్లా ఆగి చూసింది.

రెమ్మ పైకెత్తింది గానీ చెయ్యి తిరగలేదు. పెదవులు కదిలాయి గానీ గొణుగు రాలేదు. ఆవిడ వంగి పిల్ల చెవిలో ఆఖరిసారి అన్నట్టు అడిగింది.

"వల్దో... ఉన్నావా?"

బెతీనా తల వెనక్కి వంచి నాన్నమ్మని వింతగా చూసింది. "వల్దో ఎవరు, వో?"

కొట్టం వైపు తలుపు గాలికి ఒకసారి కొట్టుకుని ఆగింది. ముసలావిడ అటు చూసింది. అక్కడ ఎవరూ లేరు. చాలాసేపు అటే చూస్తూ ఉండిపోయింది. కళ్ళల్లోంచి కారే నీళ్ళు తుడుచుకోలేదు.

తర్వాత రెమ్మని పిల్ల తలచుట్టూ మూడుసార్లు తిప్పింది.

"మీ పెదనాన్న," అంది. "నీ అంతే ఉండేవాడు. గాడిద మీంచి పడి కాదమ్మా, కడుపులో జబ్బుతో పోయాడు."