ఖాళీ మేకు

గురువారం ఉదయం 8:50కి ఇజీదోర్ స్కీల వర్క్‌షాపు తలుపు తెరుచుకుంది. 9:05కి ఇజీదోర్ పోలీసులకు ఫోన్ చేశాడు. 212 నంబరు జత మాయం.

ఆకుపచ్చ జత. స్కీ టీచర్ పావ్లా కోసం ఆమె కొలతలకు తయారుచేసినది. ఆ రోజు తొమ్మిదింటికే ఆమెకు అప్పగించాలి.

ఇన్‌స్పెక్టర్ దరింకా 9:25కి దిగింది. బూట్ల మంచు దులుపుకుని నేరుగా తాళం దగ్గరకు వెళ్లింది. తాళం మీద గీత కూడా లేదు.

"తాళంచెవులెన్ని?"

"రెండే మేడమ్. ఒకటి నాది, ఒకటి వాడిది," అన్నాడు ఇజీదోర్.

వాడంటే సిరిల్. పందొమ్మిదేళ్లుగా అక్కడే పని. చెక్క కోసి స్కీ అతికించేది ఇజీదోర్. ఆ పైన ఉక్కు అంచులకు పదును, అడుగుకు మైనం సిరిల్ వంతు. కుర్రతనంలో ఏదో దొంగతనం కేసులో సిరిల్ ఎనిమిది నెలలు జైల్లో ఉన్నాడు. బయటికొచ్చాక పిలిచి పని ఇచ్చినవాడు స్నేహితుడైన ఇజీదోర్ ఒక్కడే. ఇంకో కేసు పడితే ఆ లోయలో సిరిల్‌కు తలెత్తుకునే చోటుండదు.

"రాత్రి ఎన్నింటికి వెళ్లారు?" దరింకా సిరిల్‌ని అడిగింది.

"ఆరింటికి."

"పొద్దున?"

"తొమ్మిదికి వచ్చాను."

"మధ్యలో?"

"ఇంట్లో. సాక్ష్యానికి పిల్లి ఉంది."

"జోకులొకటి!" ఇజీదోర్ ఎగిరిపడ్డాడు. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు కదరా!"

సిరిల్ అతని మొహంలోకి చూశాడు. "నేను తీయలేదు మేడమ్. అంతకుమించి నా దగ్గర మాటల్లేవు," అని మాత్రం దరింకాతో అన్నాడు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. దరింకాకు ఆ మాట మీద ఎప్పుడూ నమ్మకం లేదు. జత కోసం వచ్చి నిలబడ్డ పావ్లా వైపు తిరిగింది.

"ఈ జతను ఏం చూసి ఎంచుకున్నారు?"

"నా బతుకు చూసి!" అంది పావ్లా. యాభై నాలుగేళ్ల మనిషి. మాట కటువు. "వారానికి ఆరు రోజులు కొండెక్కించే లిఫ్టుల పక్క వాలుల్లోనే ఉంటాను. పొద్దున గాజులాంటి మంచు. మధ్యాహ్నానికి జనం తొక్కి గుట్టలు గుట్టలు చేస్తారు. ఫ్యాషన్ కోసం వెడల్పాటివి నాకెందుకమ్మా? పాదం కింద ఎనభై మిల్లీమీటర్లు చాలన్నాను. లోపల మాత్రం గట్టి యాష్ చెక్కే ఉండాలన్నాను. పాప్లర్ చెక్క తేలికే. కానీ గట్టి మంచు మీద గడగడా వణుకుతుంది. నా మోకాలికి ఒకసారి ఆపరేషన్ అయింది. 'పాప్లర్ టూరిస్టులకు, నీకు కాదు' అని ఈ ఇజీదోరే అన్నాడు."

దరింకా గోడ వైపు నడిచింది. అక్కడ వరుసగా మేకులు. మేకుకొకటి అరచేతి వెడల్పు చెక్కముక్క, వెనక నంబరు, సంతకాలు. ప్రతి జత లోపలి చెక్క నుంచి ఇజీదోర్ ఒక ముక్క కోసి ఉంచుతాడు. అప్పగించే రోజు కొన్నవాళ్లు ఆ ముక్కను చేత్తో చూసి సంతకం చేస్తారు. ఇజీదోర్ తాత పెట్టిన ఆచారం అది.

209. 210. 211. తర్వాత ఖాళీ మేకు. ఆ తర్వాత 213.

ఆమె నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంది.

11:15కి కానిస్టేబుల్ ఫోన్. స్కీలు దొరికాయి. ఒకటి టికెట్ కౌంటర్ ముందు స్టాండులో ఉంది. రెండోది రెండు వందల అడుగుల దూరంలో, బార్లీ సూప్ అమ్మే గుడిసె ముందు స్టాండులో.

సరిగ్గా పన్నెండింటికి ముగ్గురినీ బల్ల చుట్టూ నిలబెట్టింది దరింకా. స్కీలు బల్ల మీద ఉన్నాయి.

"దొరికాయిగా! ఇంక వీణ్ణి తీసుకెళ్లండి," అన్నాడు ఇజీదోర్.

"తొందరెందుకు? ఈ కొండ మీద సూప్‌కు వెళ్లేటప్పుడు మనమంతా ఏం చేస్తాం? జత విడదీసి ఒకటిక్కడ, ఒకటక్కడ పెడతాం. ఒంటి స్కీని ఎవడూ ఎత్తుకుపోడు కదా! మరి దొంగ తాను వదిలించుకునే సరుకును అంత భద్రంగా ఎందుకు పెడతాడు?"

దరింకా రెండు స్కీలనూ పక్కపక్కకు జరిపింది.

"ఇవి పోతాయేమోనని భయపడినవాడే అలా పెట్టాడు. చేతి అలవాటు. సరే, ఇంకో మాట. దొంగకు స్కీలు పనికొస్తాయి. గోడ మీది చెక్కముక్క దేనికి?"

ఇజీదోర్ ఖాళీ మేకు వైపు చూశాడు.

దరింకా ఒక స్కీ తీసి తూకం మీద పెట్టింది. ఆర్డరు కాగితంలో ఒక్కోటి 2,050 గ్రాములని ఉంది. తూకం 1,640 చూపించింది.

"పాప్లర్!" పావ్లా అరిచింది. "నా మోకాలితో ఆడుకున్నావా?"

"యాష్ అంతా పురుగు పట్టిపోయింది పావ్లా," అన్నాడు ఇజీదోర్. "షాపులో మంచి ముక్క ఒక్కటి లేదు. నువ్వు ముక్క చూస్తే పట్టేస్తావు. మా తాత పేరు..."

"అందుకని పొద్దున లిఫ్టులు తెరవగానే వీటిని ఆ స్కీల గుంపులో పెట్టేసి వచ్చారు," అంది దరింకా. "మీ సరుకు మీరు దాచుకుంటే నేరం కాదు. అబద్ధపు ఫిర్యాదిస్తే నేరం. కోటు వేసుకోండి." సిరిల్ వైపు తిరిగింది. "అంచులకు పదును పెట్టింది మీరే. బరువు తేడా మీ చేతికి తెలియలేదా?"

"సోమవారమే తెలిసింది మేడమ్."

"మరి పొద్దున్నుంచి నోరు విప్పలేదేం? జైలుకెళ్లేవారు కదా!"

"వాడే చెబుతాడనుకున్నాను," అన్నాడు సిరిల్. "నన్ను జీపెక్కించేదాకా రానివ్వడనుకున్నాను."

"ఒరేయ్ సిరిల్," అన్నాడు ఇజీదోర్. "భయంలో బుద్ధి పనిచెయ్యలేదురా. వేరే దారి కనిపించలేదు."

"కనిపించిందిరా. నేను కనిపించాను."

సిరిల్ జేబులోంచి తాళంచెవి తీశాడు. గోడ దగ్గరకు వెళ్లి 211కీ 213కీ మధ్య ఖాళీ మేకుకు తగిలించాడు. పావ్లా తలుపు తెరిచి పట్టుకుంది. అతను టోపీ పెట్టుకుని మంచులోకి నడిచాడు.