ఎర్రనీటిలో ఇంద్రావతి

పెమ్మాడి నూకరత్నం తెర మీది పటంపై వేళ్లు ఆనించి ఓడ బొమ్మను దగ్గరికి లాక్కుంది. పటం అనుమతించిన పచ్చదారి నడుమ ఇంద్రావతి బుద్ధిగా ఉత్తరానికి సాగుతోంది. ఎడమవైపు భద్రతాగీత, దాని అవతల ఒడ్డు పొడవునా ఎర్రనీరు, ఓడలు పోకూడదని పటం ఎరుపు పూసిన నీరు. ఓడను నడిపేదీ ఆ పటమే, చుక్కాని దాని చేతిలోనే ఉంది. కావలి అధికారిగా ఆమె చేయాల్సిందల్లా పటం చూపిస్తున్నదీ తన కళ్లకు కనిపిస్తున్నదీ ఒకటేనని ఒప్పుకుంటూ ఎప్పటికప్పుడు వేలిముద్ర వేయడం.

ఈ ఉదయం ఆమె వేలు గాలిలోనే ఆగిపోయింది.

తుఫాను తీరం దాటి వెళ్లిపోయింది. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. సముద్రం మాత్రం ఇంకా సర్దుకోలేదు. గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒడ్డుకు అడ్డుగా పడుకున్న ఇసుకమేట మీద అలలు తెల్లగా విరుగుతున్నాయి. పటంలో ఆ మేట ఎక్కడా తెగదు. కానీ నూకరత్నం చూస్తున్న మేటలో ఒకచోట తెలుపు లేదు. రెండు నురగల వరసల మధ్య ఎర్రమట్టి రంగు నీరు నాలుకలా సముద్రంలోకి సాగి వస్తోంది. పోటును సైతం తోసుకుని మరీ వస్తోంది. అల విరగడం లేదంటే అడుగున లోతుంది.

ఆమె రాడార్ చిత్రం మీద పరిచిన పటం పొరను తీసేసింది. యంత్రం శుభ్రం చేయని పచ్చి ప్రతిధ్వనులు తెర మీద మెరిశాయి. మేట రెండు ముక్కలుగా ఉంది. మధ్యలో సందు నల్లగా, స్పష్టంగా ఉంది.

"తెగింది!" అంది పైకే. వరద రాత్రికి రాత్రి మేటను కోసుకుని సముద్రానికి కొత్త దారి తీసింది.

సరిగ్గా అప్పుడే రేడియోలో ఒక ఆడగొంతు గరగరమంది.

"ఏవండీ, ఓడ వాళ్లూ! వినపడతందా? తేలుపేట నుంచి ఓలేటి మంగతాయినండి. మా లంగర్లు తెగిపోయాయండి. రెండే పట్టుకుని ఉన్నాయి."

లంకలు మునిగాక డెల్టా జనం తెప్పల మీదికి మారారు. వందలాది తెప్పలను గొలుసులతో కట్టి, వాటి మీద ఇళ్లు, బడి, పాచి తోటలు వేసుకున్నారు. మంగతాయి ఆ తేలుపేటకు పెద్ద. పేట ఇసుకమేట వెనక మడుగులో ఉంది. ఇంద్రావతి మంచినీళ్లతో, లాగుడు మోకులతో బయల్దేరింది ఆ పేట కోసమే. అయితే పచ్చదారి ఉత్తరాన పాత మొగ దాకా వెళ్లి, చుట్టు తిరిగి మడుగులోకి దిగుతుంది. అక్కడికి చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది.

"ఎంతసేపు ఆగగలరు పిన్నిగారూ?" అని అడిగింది నూకరత్నం.

"పోటున్నంత సేపేనండి. పాటు తీసి నీళ్లు వెనక్కి మళ్లాయంటే వరదతో కలిసి లాగేత్తది. మా వెనకాలే మునిగిపోయిన ఊరి మేడలున్నాయి. మొండి స్తంభాలు నీళ్లల్లోంచి కోరల్లా లేచున్నాయండి. వాటి మీదకి ఈడ్చిందంటే పేట పేటంతా ముక్కలైపోద్ది. గొలుసులు తెగి ఇప్పటికే కొంతమందికి దెబ్బలు తగిలాయి. తొందరగా రండి, మీకు పుణ్యముంటాది."

నూకరత్నం కెప్టెన్‌ని చుక్కాని గదిలోకి పిలిచింది. షేక్ మస్తాన్ వలి టీ గ్లాసుతోనే వచ్చాడు. నెల్లూరు మనిషి, మాట మెత్తన, చూపు గట్టి. ఆమె మంగతాయి మాటలు చెప్పి, దుర్భిణి ఆయన చేతికిచ్చి పడమర వైపు చూపించింది. ఆయన చాలాసేపు చూశాడు. రాడార్ చూశాడు. చివరికి పటం చూశాడు.

"సందుండే మాట నిజమేనమ్మా. ఆడ లోతెంత ఉండాదో ఎవురికి తెలుసు?"

"ఎవరికీ తెలియదండి. తెలిసే వీలు కూడా లేదు."

అదే తీరపటం ధర్మం. కొత్త లోతును అది ఒక్క ఓడ మాట మీద నమ్మదు. మూడు ఓడలు ఆ నీటిలో నడిచి ఒకే సాక్ష్యం చెప్పాలి. లోతు తెలియని నీటిలోకేమో ఏ ఓడనూ అడుగు పెట్టనివ్వదు. ఓడ వెళ్లదు కాబట్టి సాక్షి పుట్టదు, సాక్షి లేదు కాబట్టి ఎరుపు చెరగదు. ఎవరూ దీన్ని తప్పనలేదు. పటం చుక్కాని పట్టిన నాటి నుంచి ఈ తీరంలో ఒక్క ఓడ కూడా నేల తాకలేదు.

"పటం లేని రోజుల్లో నేల తాకిన ఓడల్ని నేను చూసినా," అన్నాడు కెప్టెన్. "వీపు విరిగిన గేదె మాదిరి పడుంటాయి. ఆ పేటను కాపాడబోయి మనమే అడ్డంగా పడితే, మన కోసం ఇంకో ఓడ రావాల."

"అందుకే ఇప్పుడే వెళ్దామంటున్నాను. ఇంకా పోటు ఎక్కుతోంది. నేల తగిలినా ఎక్కే నీళ్లే మనల్ని లేపుతాయి. పాటులో తగిలితే ఇక అంతే. నీటి లోతు కొలిచే లోతుచేప యంత్రాన్ని ముందు నడిపిద్దాం, లంగరు సిద్ధంగా ఉంచుదాం. మన ఓడ నీళ్లలోకి దిగే మునక నాలుగు మీటర్లు. అడుగున మీటరు కూడా మిగలకపోతే ఆగిపోతాను. మాటిస్తున్నాను."

మస్తాన్ వలి గ్లాసు కింద పెట్టాడు. ఆయన కళ్లలో ఏదో కదిలింది. చాలాకాలంగా పని లేని మెరుపు అది.

"పటాన్ని అడుగు," అన్నాడు.

ఆమె అడిగింది. జవాబు క్షణంలో వచ్చింది: లోతు తెలియని నీరు. ప్రవేశం లేదు. రాడార్ తేడా అలల గజిబిజిగా పరిగణించబడింది.

"మానవ పూచీ మీద ప్రవేశం కోరుతున్నాను," అంది నూకరత్నం.

ఆ మాటను శిక్షణలో ఒకసారి పలికించారు, అంతే. తెర మీద రెండు ఖాళీ వలయాలు వచ్చాయి. కావలి అధికారి ఒకటి, కెప్టెన్ ఒకటి. కింద ఒకే వాక్యం: ఇకపై జరిగేదానికి పటం బాధ్యత వహించదు.

ఆమె వేలు ఆనించింది. మస్తాన్ వలి "బిస్మిల్లా" అనుకుని తన వేలు ఆనించాడు.

చుక్కాని పిడి చిన్నగా వణికి వదులైంది. ఓడ బరువంతా ఒక్కసారిగా ఆమె మణికట్టులోకి దిగింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆమెకు ఓడ ఇంత బతికున్నట్టు ఎప్పుడూ అనిపించలేదు. పిడి ఎడమకు తిప్పింది. ఇంద్రావతి ముక్కు మెల్లగా పడమరకు తిరిగి, పచ్చదారి గీతను దాటింది.

హెచ్చరికలు మొదలయ్యాయి. గది నిండా గంటలు, ఎర్ర దీపాలు. కెప్టెన్ వాటి నోరు ఒక్కొక్కటిగా నొక్కేస్తూ, "అరవనీలే, నువ్వు నీళ్లు చూడు," అన్నాడు.

లోతుచేప తాడు చివర ఈదుతూ ముందు వెళ్లింది. అది పంపే అంకెలను ఆయన బిగ్గరగా చదువుతున్నాడు.

"ఏడు... ఏడు... ఆరున్నర..."

నురగ వరసలు రెండు పక్కలా దగ్గరికొచ్చాయి. అలలు ఇసుక మీద బద్దలవుతున్న చప్పుడు కిటికీ అద్దాలను కొట్టింది. వరదనీరు ముక్కును పక్కకు నెట్టాలని చూస్తే ఆమె పిడితో సర్దింది. మళ్లీ నెట్టింది, మళ్లీ సర్దింది. ఒక్కసారి కళ్లు దించి పటం చూసింది. ఇంద్రావతి బొమ్మ ఇసుక రంగు భూమి మీద నడుస్తోంది! నూకరత్నం పకపకా నవ్వేసింది.

"చూడండి కెప్టెన్ గారూ, నేల మీద ఓడ!"

"నవ్వుదువుగానిలే. ఆరు... అయిదున్నర... అయిదు. సరిగ్గా అయిదు, అమ్మా."

మీటరే మిగిలింది. ఆమె వేగం తగ్గించింది. ఎదురుగా దారి ఎడమకు వంపు తిరుగుతోంది. వంపుకు కుడి అంచున నీట మునిగి ఎండిన సరుగుడు తోట మోళ్లు, వాటిని ఒరుసుకుంటూ సుడులు. ఎడమవైపు నీళ్లు అద్దంలా ఉన్నాయి.

"ఎడమకు పట్టు. ఆడ నెమ్మదిగా ఉంది," అన్నాడు కెప్టెన్.

ఆమె పిడి ఎడమకు తిప్పలేదు. నెమ్మదిగా ఉన్న నీరు ఇసుకను దింపుతుంది. వంపు తిరిగే వరద బయటి గట్టునే కోస్తుంది. లోతు సుడులున్నచోటే ఉండాలి. ఇదంతా ఆమె చదువుకున్నదే. చదివినదాని మీద ఓడ నిండా మనుషుల ప్రాణాలు పెట్టడం మాత్రం ఇదే మొదలు.

"కుడికి వెళ్తున్నానండి."

"చెట్ల మీదికా?"

"చెట్ల పక్కకి. వరద కోసింది అటే."

ఆయన ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. తర్వాత తెర వైపు తిరిగి అంకెలు చదవడం కొనసాగించాడు. "అయిదు... నాలుగూ ముప్పావు..."

ఆమె ఆగిపోతానని మాటిచ్చిన గీత దాటింది. ఇంజన్‌ను వెనక్కి తిప్పబోయింది.

"ఆగాగు! అయిదు. అయిదున్నర." ఆయన గొంతు లేచింది. "ఆరు! ఏడు! తొమ్మిదమ్మా, తొమ్మిది! అడుగు లోతుకి జారిపోయింది!"

సరుగుడు మోడు ఒకటి ఓడ పక్కను కర్రతో గీసినట్టు గీసింది. వంపు తిరిగింది. ఒక్కసారిగా మడుగు విశాలంగా, ఎండలో రాగిరేకులా పరుచుకుంది. దాని నడుమ రంగురంగుల కప్పులతో తేలుపేట, తెప్పల అంచుల మీద నిలబడి చీరలు, తువ్వాళ్లు ఊపుతున్న జనం.

"అమ్మా తల్లీ!" అంటూ రేడియోలో మంగతాయి గొంతు పగిలింది. "ఎక్కణ్నుంచి ఊడిపడ్డారండీ? అటు దారి లేదు కదండీ!"

"ఇప్పుడుంది పిన్నిగారూ. మోకులు విసురుతాం, మీ గట్టి తెప్పలకే కట్టించండి. పిల్లల్ని నడుమకి పంపేయండి."

ఇంద్రావతి పేటకు ఎగువన రెండు లంగర్లూ దింపింది. మోకులు గాల్లో లేచాయి. తేలుపేట మగవాళ్లు, ఆడవాళ్లు నీళ్లలోకి దూకి వాటిని అందుకున్నారు. చివరి ముడి పడేసరికి పాటు తీసింది. పేట మొత్తం ఒక్క మూలుగుతో వెనక్కి జరిగింది. మోకులు తీగల్లా బిగిసి నీళ్లు చిమ్మాయి. ఇంద్రావతి ఒళ్లంతా కిరకిరలాడింది, లంగర్లు కాస్త జారాయి, ఆపైన పట్టుకున్నాయి. పేట మునిగిన మేడల మొండి స్తంభాలకు కూతవేటు దూరంలో నిలిచిపోయింది.

జనం కేకలు మడుగంతా నిండాయి. మస్తాన్ వలి తన టోపీ తీసి, ఏం చేయాలో తోచనట్టు మళ్లీ పెట్టుకున్నాడు.

అప్పుడు పటం మాట్లాడింది. తీరపటాన్ని నడిపే విశాఖ పటకేంద్రం ముద్రతో సందేశం వచ్చింది: ఇంద్రావతి మార్గం తీరపటంతో విభేదిస్తోంది. పూచీని ఉపసంహరించుకుంటే దీన్ని పరికర దోషంగా నమోదు చేస్తాం. అధికారుల అర్హతకు భంగం ఉండదు. కొలిచిన లోతులు తొలగిస్తాం. కొనసాగిస్తే, ఈ మార్గంలో వచ్చే ప్రతి ఓడ క్షేమానికీ విచారణలో మీరే జవాబుదారులు.

పద్ధతైన మాటే. పచ్చదారులన్నీ పద్ధతి ప్రకారమే పుట్టాయి. నూకరత్నం ఆలోచిస్తుండగానే మేట అవతల నుంచి ఇంకో పిలుపు వచ్చింది. ఆసుపత్రి ఓడ ప్రాణహిత.

"ఇంద్రావతీ, మీరు లోపలున్నట్టు కనిపిస్తోంది. మాకు మాత్రం పటంలో నేలే చూపిస్తోంది. పేటలో దెబ్బలు తగిలినవాళ్లున్నారంట కదా. మీ లోతులు నిజమేనా? చెప్తే వస్తాం. లేదంటే చుట్టు తిరగాలి."

నూకరత్నం కెప్టెన్ వైపు చూసింది.

"మన పేర్లు రెండూ ఉన్నాయండి దాని మీద."

"తెలుసు. నా వేలు నేను తీయను. నీది నీ ఇష్టం."

ఆమె పటం సందేశం కింద 'కొనసాగిస్తున్నాను' అన్నచోట వేలు ఆనించి, రేడియో అందుకుంది.

"ప్రాణహితా, లోతులు నిజమే. పాటు మొదలైంది కాబట్టి మేం చూసినదానికంటే నీరు తగ్గుతుంది. మీ మునక మాకంటే తక్కువ, సరిపోతుంది. వంపు దగ్గర నెమ్మదైన నీళ్లను నమ్మకండి. చెట్ల పక్కనుంచే రండి. పూచీ నాది. చూపు మాత్రం మీదే ఉండాలి."

తర్వాత పటం మీద ప్రాణహిత పేరు పక్కన రెండు వలయాలు వెలిగి నిండాయి. తెల్లటి ఆసుపత్రి ఓడ పచ్చదారిని వదిలి నేల బొమ్మ మీదికి తిరిగింది.

ఆ కబురు రేడియోలో తీరమంతా పాకింది. కృష్ణ మొగ దగ్గర ఒక సరుకు ఓడ మానవ పూచీ కోరింది. కోరంగి మడ అడవుల పక్క ఒకటి, వంశధార దగ్గర ఇంకొకటి. పటం అంచు పొడవునా జంట వలయాలు ఒక్కొక్కటిగా విచ్చుకున్నాయి. ఎరుపు కానిదీ పచ్చ కానిదీ అయిన గీతలు ఎర్రనీటిలోకి పాకసాగాయి. తీరపటం దగ్గర వాటికి వేయడానికి రంగు లేదు. పచ్చదారుల మీదున్న ఓడలన్నీ ఒక్కసారిగా వేగం తగ్గించాయి. కేంద్రంలో ఏదో లెక్క మొదలై, ఆగి, మళ్లీ మొదటికి వస్తున్నట్టుంది.

"ఏందమ్మా చేసినావు!" అన్నాడు మస్తాన్ వలి. ఆయన గొంతులో భయమూ ఉంది, సంబరమూ ఉంది. ఏది ఎక్కువో ఆయనకే తెలియలేదు.

సరుగుడు మోళ్ల పక్కనుంచి ప్రాణహిత ముక్కు కనిపించింది. తేలుపేట మళ్లీ కేకలు వేసింది. అదే సమయంలో నూకరత్నం ముందున్న తెర మీద గంటలేవీ లేకుండా పటం నుంచి ఒక వాక్యం వచ్చి నిలిచింది.

ఇంద్రావతి కావలి అధికారికి: ఈ దారి ఇంకెక్కడి దాకా పోతుంది?

ఆమె తలెత్తి చూసింది. మడుగు అవతల, మునిగిన ఊళ్ల మీదుగా, కొత్త నీరు ఎండలో మెరుస్తూ ఎవరూ కొలవని దూరాల్లోకి పరుచుకుని ఉంది.

"మళ్లీ పోటు రానీ," అంది నూకరత్నం. "చూసి చెబుతాను."