పైవరుస నుంచి చదవండి

“మీ డాక్టరమ్మకి నువ్వు చెప్తావా, నన్నొచ్చి చెప్పమంటావా? ఏదో ఒకటి తేల్చు కృపా! కాదంటావా... ఇవిగో తాళాలు, నీ చేత్తోనే షాపు మూసేసి పో!”

సొలొమోను తాళాలగుత్తి తెచ్చి భార్య లంచ్ బాక్సు పక్కన విసిరాడు. విసిరాక ఆ చప్పుడుకి తనే ఉలిక్కిపడ్డాడు. కోపం తెచ్చుకోవడమే గానీ, తెచ్చుకున్నదాన్ని కాసేపు నిలబెట్టుకోవడం ఆయనకి ఎప్పుడూ చేతకాదు! కృప బాక్సుకి మూత పెట్టింది, తీసింది, పచ్చడి వేశానో లేదో చూసుకుంది, మళ్ళీ పెట్టింది. రాత్రంతా ఆమెకు కన్ను మూతపడలేదు. మంచం మీద ఉండలేక వంటింట్లోకి, వంటింట్లో నిలవలేక వరండాలోకి... తెల్లవారేదాకా కాళ్ళు ఒకచోట ఆగితే కదా! రేపటికల్లా ఆసుపత్రిలో ఏదో ఒక మాట చెప్పెయ్యాలి మరి.

కృప ఆప్టోమెట్రిస్టు. “అంటే కళ్ళజోళ్ళ షాపులో పవరు చూస్తుందా మీ కోడలు?” అని అడిగే చుట్టాలకు వివరించీ వివరించీ విసుగొచ్చి, ఎప్పుడో మానేసింది. గన్నవరం దారిలో ఉన్న పెద్ద కంటాసుపత్రిలో ట్రైనీగా చేరింది. డాక్టరు దగ్గరికి వెళ్ళేలోపు ప్రతి కంటినీ మొదట చూసేది, తేడా ఉంటే మొదట పట్టేది తనలాంటి వాళ్ళే. ఏళ్ళు గడిచి సీనియరైంది, కొత్తగా వచ్చిన పిల్లలకు పని నేర్పే మనిషైంది. ఇప్పుడు ఆసుపత్రి పెద్ద డాక్టర్ ఛాయాదేవిగారు పిలిచి, ఉయ్యూరు నుంచి అవనిగడ్డ దాకా తాము నడుపుతున్న చిన్న కంటి పరీక్షా కేంద్రాలకు, అదే విజన్ సెంటర్లన్నిటికీ, హెడ్‌గా ఉండమన్నారు! ఆ కుర్చీలో ఇంతవరకూ డాక్టర్లే కూర్చున్నారు. ఒక ఆప్టోమెట్రిస్టుని కూర్చోమనడం ఇదే మొదలు. షరతు మాత్రం ఒకటుంది. హెడ్‌గా ఉన్న మనిషి బయట ఏ షాపులోనూ కళ్ళు పరీక్ష చెయ్యకూడదు.

చిక్కంతా అక్కడే వచ్చింది! భవానీపురంలోని ‘ఇశ్రాయేలు ఆప్టికల్స్’ వాళ్ళదే. మామగారు పెట్టిన షాపు, ఆయన పేరు మీదే నడుస్తోంది. నడుస్తోంది అంటే, సాయంత్రం కృప వచ్చి కూర్చుంటేనే నడుస్తోంది. “కృపమ్మ చూస్తేనే నాకు అద్దాలు కుదురుతాయి” అనేవాళ్ళే అందరూ. సొలొమోనుకి ఫ్రేములు బిగించడం వచ్చు, కస్టమర్లతో కబుర్లాడటం ఇంకా బాగా వచ్చు. కళ్ళు చూడటం మాత్రం రాదు.

“ఒప్పుకోమ్మా... వెళ్ళు!” అంది అత్తగారు అమలమ్మ, హాల్లో తన కుర్చీలోంచి. “వాడి మాటలు పట్టించుకోకు. నువ్వెళ్ళాలి!”

కృప మనసు చివుక్కుమంది. తన తల్లి కూడా ఇంత తొందరపెట్టలేదే, ఇంట్లోంచి పంపేద్దామనా! ఈ మధ్య అత్తయ్య వరస ఏమీ బాగాలేదు. వంటింట్లోకి రావడం మానేసింది. రోజూ ప్రార్థనలో బైబిలు తనే చదివే మనిషి, “నువ్వు చదువమ్మా, నీ గొంతు బావుంటుంది” అని పక్కకి నెట్టేస్తోంది. మొన్న ఆదివారం చర్చిలో కృప పక్కనే నిలబడి ఉన్నా పలకరించకుండా ముందుకెళ్ళిపోయింది. నిన్న కాఫీ గ్లాసు బల్ల అంచున పెట్టి, పగిలిపోతే, “నువ్విచ్చిన కాఫీయేలే” అన్నట్టు తల తిప్పుకుంది. అలకా? కోపమా? తను చేసిన తప్పేమిటి ప్రభువా...

“వెళ్ళొస్తానత్తయ్యా” అంది గుమ్మం దగ్గర నుంచే.

“మంచిదమ్మా. చీర బావుంది నీకు.”

కృప కాళ్ళు ఆగిపోయాయి. ఆమె కట్టుకున్నది చీర కాదు. బస్సెక్కడానికి వీలుగా ఉంటుందని పంజాబీ డ్రెస్ వేసుకుంది. చీర కట్టుకోలేదని ఎత్తిపొడుపన్నమాట! హెడ్ కాబోతున్న కోడలికి అత్తగారి దీవెన! కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే మెట్లు దిగిపోయింది. లంచ్ బాక్సుతో పాటు సంచిలో పడేసుకున్న షాపు తాళాలు గలగలమంటూనే ఉన్నాయి; తెరవడానికి సొలొమోను దగ్గర ఇంకో గుత్తి ఉందిలే.

ఆరోజు ఆసుపత్రిలో ఆమె మనసు ఒకచోట లేదు. అయినా కొత్త పిల్లలకు క్లాసు చెప్పాల్సిన రోజు కాబట్టి చెప్పింది. “ఒకటి గుర్తుపెట్టుకోండమ్మా. రెండు కళ్ళకీ ఒకే వరస ఒకేలా చదివించకండి. అక్షరాలు మార్చండి, లేదా వెనకనుంచి చదవమనండి. జనం అబద్ధమాడాలని కాదు... మనల్ని సంతోషపెట్టాలని కంఠస్థం పట్టేస్తారు!” పిల్లలు నవ్వారు. కృప కూడా నవ్వింది. అప్పుడు ఆమెకేం తెలుసు పాపం!

సాయంత్రం షాపుకెళ్ళేసరికి సొలొమోను గుమ్మంలోనే ఎదురొచ్చాడు. పొద్దున్నటి కోపం ఎక్కడికి పోయిందో, ముఖమంతా పండగ.

“ఇటు రా... కళ్ళు మూసుకోనక్కర్లేదులే, వచ్చి చూడు!”

లోపల పరీక్ష చేసే గదిలో, గోడకి ఎన్నాళ్ళనుంచో ఉన్న పాత లైటు చార్టు లేదు. దాని చోట చిన్న టీవీలాంటి కొత్త తెర వెలుగుతోంది. బటన్ నొక్కితే అక్షరాలు మారతాయి.

“మధ్యాహ్నమే పెట్టించాను. మీ ఆసుపత్రిలో ఉన్నలాంటిదే! పాతదాంతో కష్టపడుతున్నావని నాకు మాత్రం తెలీదా? నువ్వుండు కృపా... ఇక్కడే హెడ్‌గా ఉండు. నేను కాదంటానా?”

తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. కృప ఆ బటన్‌ని ఊరికే నొక్కుతూ నిలబడింది. అక్షరాలు మారుతున్నాయి... మారుతున్నాయి...

“నా ఒక్కడి కోసమా చెప్పేది? అమ్మకి డెబ్బై దాటాయి. నువ్వు అవనిగడ్డ అనీ చల్లపల్లి అనీ తిరుగుతుంటే అమ్మని ఎవరు చూస్తారు?”

“నన్నెవరూ చూడక్కర్లేదు!”

ఇద్దరూ తిరిగి చూశారు. అమలమ్మ గోడ పట్టుకుని లోపలికి వస్తోంది. ఇల్లు షాపు మీదే. రోజూ సాయంత్రం మెట్లు దిగి వచ్చి, పరీక్ష గది బయట బెంచీ మీద కూర్చోవడం ఆమెకు అలవాటు. వచ్చేపోయేవాళ్ళ మాటలు వింటూ రాత్రి దాకా అక్కడే ఉంటుంది.

“నన్ను అడ్డం పెట్టుకుని దాన్ని ఆపుతావురా? సిగ్గులేదూ! నాకేమైంది? కాళ్ళు బాగున్నాయి, చెవులు బాగున్నాయి. కళ్ళా... నీకంటే నాకే బాగా కనపడుతుంది! ఏమ్మా కృపా, ఏటా నువ్వే చూస్తున్నావుగా! చూడు, మళ్ళీ చూడు వీడి ముందే! కూర్చుంటున్నా!”

చేత్తో తడుముకుంటూ వెళ్ళి పరీక్ష కుర్చీలో కూర్చుంది. ఎడమ కంటిని అరచేత్తో మూసుకుంది. కృప ఏటా చెప్పినట్టే, రోజూ అందరికీ చెప్పినట్టే, ఆలోచించకుండా అనేసింది.

“పైవరుస నుంచి చదవండత్తయ్యా.”

“గ!” అంది అమలమ్మ గట్టిగా. “ప, న. ట, ర, క. ల, వ, స, మ...”

చివరి వరుస దాకా చదివింది. ఎక్కడా తడబడలేదు. బడిలో పద్యం అప్పజెప్పిన పిల్లలా గర్వంగా గడ్డం ఎత్తింది.

 తెర మీద పైన ఉన్నది ‘గ’ కాదు. పెద్ద ‘చ’! కింద ఉన్న అక్షరాల్లో ఒక్కటి కూడా అమలమ్మ చదివిన చోట లేదు. ఆమె చదివింది మధ్యాహ్నం గోడమీంచి దించేసిన పాత చార్టుని...

సొలొమోను నోరు తెరిచాడు. కృప వద్దని చెయ్యి ఊపింది. 

“రెండో కంటితో చదవండత్తయ్యా...”

“గ. ప, న. ట, ర, క...”

“నా వేళ్ళు ఎన్ని ఉన్నాయో చెప్పండి... ఈ కుడిపక్క.”

అమలమ్మ ఒక్క క్షణం ఆగింది. “మూడమ్మా.”

కృప చెయ్యి ఎత్తనే లేదు!

“అత్తయ్యా!” అంటూ కృప కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. “ఎన్నాళ్ళనుంచి... ఎన్నాళ్ళనుంచి ఇలా? నాతో చెప్పొద్దూ! నేను ఇంట్లోనే ఉన్నాను కదా... రోజూ మీకు అన్నం పెడుతూనే ఉన్నాను కదా అత్తయ్యా!”

అమలమ్మ అరచెయ్యి కంటిమీంచి మెల్లగా జారింది. అంత ధీమాగా ఉన్న ముఖం ఒక్కసారిగా ముసలిదైపోయింది. “మార్చేశారా దాన్ని?” అంది నీరసంగా. “అయ్యో... నాకెవరూ చెప్పలేదే!”

“అమ్మా, ఎందుకమ్మా?” సొలొమోను వచ్చి తల్లి కుర్చీ పట్టుకున్నాడు.

“బెంచీ మీద కూర్చుంటాను కదరా... వచ్చినవాళ్ళందరూ అదే చదువుతారు. వినీ వినీ వచ్చేసింది. మొదట్లో పక్కవైపులు మసకేసినప్పుడు వయసేలే అనుకున్నాను. చీకటి ఎక్కువైనప్పుడు భయమేసింది. చెప్దామనే అనుకున్నాను. కానీ కృపమ్మా...” కోడలి తల కోసం గాల్లో వెతికింది ఆ చెయ్యి. కృపే తల అందించింది. “మీ మామయ్యకి పక్షవాతం వచ్చినప్పుడు నీకు హైదరాబాదులో పై చదువు సీటొచ్చింది. నువ్వెళ్ళలేదు. ఆయన మూత్రం గిన్నె ఎత్తుకుంటూ ఇక్కడే ఉండిపోయావు. ఒక్కరోజు కూడా ఆ మాట ఎత్తలేదు. నువ్వెత్తకపోయినా నేను మర్చిపోతానా తల్లీ? మళ్ళీ నీకో పిలుపొచ్చింది. ఇప్పుడు నా కళ్ళ సంగతి తెలిస్తే... మళ్ళీ ఆగిపోతావు! రెండుసార్లు నీ దారికి మేమే అడ్డం పడితే, రేపు దేవుడి ముందు ఏ ముఖంతో నిలబడను?”

కృప ఆమె ఒళ్ళో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. చర్చిలో పలకరించకపోవడం, కాఫీ గ్లాసు, పొద్దున్నటి చీర మాట... అన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అలకనుకుంది! కోపమనుకుంది! ఊరందరి కళ్ళలోకీ లైటు వేసి చూసిన తను, ఇంటి మనిషే కదా, చార్టు చదివింది కదా, చాలని ఊరుకుంది. కంటి ప్రెషరు ఒక్కసారి... ఒక్కసారి చూసి ఉంటే!

మర్నాడు ముగ్గురూ కలిసే ఆసుపత్రికి వెళ్ళారు. కృప తన చేత్తో ఏ పరీక్షా చెయ్యలేదు. నీటికాసులని, అంటే లోపలి ప్రెషరు పెరిగి కంటి నరాన్ని తినేసే గ్లకోమా అని తేలింది. కుడి కన్ను దాదాపు పోయింది. ఎడమ కంటికి ఎదురుగా ఉన్నది కొంచెం కనిపిస్తుంది, చుట్టుపక్కలంతా చీకటే. పోయినది తిరిగి రాదు. రోజూ మానకుండా చుక్కల మందు వేస్తే, ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు.

ఛాయాదేవిగారి గదిలో కృప కూర్చోలేకపోయింది. “నన్ను క్షమించండి మేడమ్. నేను ఆ పదవికి తగను. నా ఇంట్లో ఉన్న కంటినే చూడలేకపోయాను... అన్ని సెంటర్లు ఎలా చూస్తాను?”

ఛాయాదేవిగారు ఓదార్చే రకం మనిషి కాదు. కళ్ళజోడు పైకి నెట్టుకుని, “ఏడవడం అయ్యాక చెప్పు,” అన్నారు. “మన సెంటర్లలో పనిచేసేవాళ్ళందరికీ ఇళ్ళున్నాయి. ఇళ్ళల్లో పెద్దవాళ్ళున్నారు. నీకు జరిగింది వాళ్ళకి జరక్కుండా ఏం చేస్తావు?”

కృప ముక్కు తుడుచుకుంది. నిన్న రాత్రంతా ఆమెను నిలవనివ్వకుండా తిప్పింది కూడా ఆ ప్రశ్నే. “ఇంటివాళ్ళని ఇంటివాళ్ళు చూడకూడదు మేడమ్. ఉయ్యూరులో అమ్మాయి వాళ్ళమ్మని పామర్రులో వాళ్ళు చూడాలి. నలభై దాటిన ఏ మనిషినీ చార్టు చదివారని పంపెయ్యకూడదు. కంటి ప్రెషరు చూడాలి, కంటి లోపల నరం చూడాలి. తొందరలో ఉన్నామన్నా సరే!”

“బావుంది. ఇది సెంటర్లన్నిటికీ చెప్పాలంటే హెడ్ చెప్పాలి. అవునంటావా, కాదంటావా?”

కృప తలుపు వైపు చూసింది. అక్కడ తల్లి చెయ్యి పట్టుకుని నిలబడ్డ సొలొమోను, ఆమె నోరు విప్పేలోపే అందుకున్నాడు.

“అవునంటుందండీ!” అని, భార్య వైపు తిరిగాడు. “షాపు సంగతి నాకొదిలెయ్యి. కళ్ళు చూడటం వచ్చిన వాళ్ళనెవరినైనా జీతానికి పెట్టుకుంటాను. కస్టమర్లు సగం మంది పోతే పోనీ! రోజూ అమ్మ కూర్చునే బెంచీ అది... నేను నీ వెనకపడి వ్యాపారం చూసుకున్నానే గానీ, అమ్మ గోడ పట్టుకుని నడుస్తోందని చూడలేదు. ఆ చుక్కల మందు నేను వేస్తాను. నాకు నేర్పు.”

“నేను వస్తాను మేడమ్,” అంది కృప. ఆ మాట అన్నాకగానీ తను ఇంకా నిలబడే ఉన్నానని ఆమెకు తెలియలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

సోమవారం పొద్దున్నే ఆసుపత్రి బండి వచ్చి కింద షాపు ముందు ఆగింది. పైన ఇంట్లో సొలొమోను తల్లి గడ్డం పట్టుకుని కుస్తీ పడుతున్నాడు.

“పైకి చూడమ్మా... రెప్ప కొట్టకు!”

“ఉన్న కన్ను కూడా పొడిచేస్తావురా నువ్వు! మీ నాన్న నయం!”

కృప సంచి భుజానికి తగిలించుకుంది. గుమ్మం దాకా వెళ్ళింది. “వెళ్ళొస్తానత్తయ్యా” అని అక్కడినుంచే అనబోయి, ఆగి, వెనక్కి వచ్చింది. అమలమ్మ ఎడమ కంటికి సరిగ్గా ఎదురుగా, దగ్గరగా, మోకాళ్ళ మీద కూర్చుంది.

అమలమ్మ ముఖంలో చిన్న నవ్వు. ఎప్పటిలాగే పెదవులు కదిలాయి. “చీర...” అంది. అని ఆగిపోయింది. కోడలి ముఖమైతే మసకగా ఉంది, అంతకు మించి ఏమీ లేదు. మెల్లగా అంది.

“ఏం కట్టుకున్నావమ్మా ఇవాళ? నాకు కనపడట్లేదు... నువ్వే చెప్పు.”

కృప కొంగు తీసి ఆమె చేతిలో పెట్టింది. “నీలం చీరత్తయ్యా. మీ మనవరాలు ఎలిజబెత్ పుట్టినప్పుడు మీరు నాకు పెట్టారు చూడండి... అది.”

అమలమ్మ వేళ్ళు జరీ అంచు వెంబడి నెమ్మదిగా నడిచాయి. బయట బండి హారన్ మోగింది. కృప లేవలేదు.

“ఇదా!” అంది అమలమ్మ. “ఇది నీకు చాలా బావుంటుందమ్మా.”

ఈసారి కృప ఆ మాట నమ్మింది.