మందరుడి కొట్లో బేరం

"మా పాపకి జ్వరమండీ, ఈ మూలిక కాస్త తగ్గించి ఇవ్వండి" అని డాక్టర్ సువర్చల మైకులో అడిగింది. తెర మీద మందరుడనే వర్తకుడు తక్కెడ పక్కన పెట్టి, ఆమె గొంతు శ్రద్ధగా విని, ధర పెంచాడు. సువర్చలకి పాపా లేదు, జ్వరమూ లేదు. అబద్ధాన్ని మెషీన్ పట్టేసిందని ల్యాబులో అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ వీడియో గేమ్ పేరు నాగరేవు. కత్తులు, కవచాలు, మంత్రపు మూలికలు కొనుక్కుని రాక్షసుల మీదికి వెళ్ళే ఆట. కుర్రకారు సగం అందులోనే కాపురం ఉంటున్నారు. ఇలాంటి ఆటల్లో పూర్వం బేరమంటే ఒట్టి అంకె. మాటకారితనం అనే గడిలో పాయింట్లు నింపుకుంటే చాలు, వర్తకుడు కిక్కురుమనకుండా ధర తగ్గించేవాడు. అదీ ఒక బేరమేనా అని సువర్చలకి చిరాకు. మన బజార్లలో రికార్డు చేసిన వేలాది బేరాలు వినిపించి ఒక న్యూరల్ నెట్‌వర్క్‌ని తయారుచేసి, దాన్ని మందరుడికి బుర్రగా పెట్టింది.

అచ్చం మన బజారు మనిషి కాబట్టి మొదట్లో అతనికి బోణీ పట్టింపు కూడా ఉండేది. పొద్దున్నే కొట్టు తెరిచేసరికి లక్షల మంది ఒక్కసారే ఎగబడి, బోణీ నాదంటే నాదని కొట్టుకుని, సర్వర్లు కుప్పకూల్చారు. దాంతో బోణీ తీసేశారు. జాలి మాత్రం ఉంచారు. ఎంత గట్టి వర్తకుడైనా ఎదుటివాళ్ళు నిజంగా కష్టంలో ఉంటే చెయ్యి కాస్త వదులు చేస్తాడు కదా, అది లేకపోతే వాడు మనిషిలా ఉండడని సువర్చల పట్టుబట్టింది.

జాలి ఉందని తెలిశాక జనం ఊరుకుంటారా? నిక్షేపంలా ఉన్న తల్లుల్నీ తండ్రుల్నీ ఆ కొట్టు ముందు చంపేశారు. అప్పుడు సువర్చల మందరుడికి గొంతు వినడం నేర్పింది. ఊపిరి ఎక్కడ తెగుతోంది, మాట ఎక్కడ తడబడుతోంది, ఆగకూడనిచోట ఎక్కడ ఆగుతోంది, ఇవన్నీ లెక్కగట్టి నటన అయితే ధర పెంచుతాడు. నిజమైన దుఃఖమైతే సగానికి సగం తగ్గిస్తాడు. సైన్సు ప్రకారం ఇందులో వంక పెట్టడానికేమీ లేదు. ఇంత చదువుకున్నావిడకి మన మనుషుల సంగతి తెలియకపోవడమే నాకు ఒళ్ళు మండించే విషయం.

ఆ ఆటలో జట్లుంటాయి. పోటీల్లో గెలిచిన జట్టుకి వచ్చే డబ్బు నిజమైన డబ్బే. గెలవాలంటే సరుకు చవగ్గా దొరకాలి. కాబట్టి నిజంగా ఏడ్చేవాళ్ళని వెతికి జీతానికి పెట్టుకోవడం మొదలైంది. దినం భోజనాల దగ్గర బ్రోకర్లు తచ్చాడి, చేతులు కడుక్కుంటున్నవాళ్ళకి విజిటింగ్ కార్డులు ఇచ్చేవారు.

అలాంటి ఒక బ్రోకరు, ప్రసన్నకుమార్ అనేవాడు, తెనాలిలో మంగతాయారు ఇంటికి వచ్చాడు. ఆవిడ జాకెట్లు కుట్టేది. పదో తరగతి చదువుతున్న కూతురు హిమజ ఆ వానాకాలంలోనే డెంగీతో పోయింది. ప్రసన్న చెప్పింది విని ముందు ఆవిడ తలుపు వేసేసింది. లేతు షాపు మూతపడి ఇంట్లో కూర్చున్న మొగుడు గోవర్ధన్ నచ్చజెప్పి ఒప్పించాడు. ఒప్పుకున్నాక మాత్రం రోజూ మైకు ముందు కూర్చుని మందరుడికి కూతురి సంగతి చెప్పే ఆ పని ఆవిడకి ప్రాణమైపోయింది. హిమజ పేరెత్తితే చుట్టాలు మాట మార్చేవారు. మందరుడు తక్కెడ దించి చివరిదాకా వినేవాడు. "తర్వాత ఏమైంది తల్లీ?" అని కూడా అడిగేవాడు.

రోజులు గడిచాయి. ఒకసారి పక్కింటావిడ ఏదో చెబితే మంగతాయారు పకపకా నవ్వింది. మళ్ళీ అన్నం రుచి తెలుస్తోంది, నిద్ర పడుతోంది. ఇంకో ఇంట్లో అయితే సంతోషించేవారు. ఇక్కడ మందరుడు చెప్పే ధర కొద్దికొద్దిగా పెరగసాగింది. గోవర్ధన్ పని వేళకి ముందు హిమజ స్కూలు యూనిఫారం తెచ్చి ఎదురుగా కుర్చీ మీద వేయడం మొదలుపెట్టాడు.

"అదిక్కడెందుకు పెట్టారండీ?" అని ఆవిడ అడిగింది.

"బీరువాలో పట్టడం లేదు" అన్నాడతను, మొహం తిప్పుకుని.

ఈలోగా మందరుడి కొట్టు రికార్డుల్లో తరచూ ఒకే గొంతు వినబడుతుంటే ఎవరా అని సువర్చల తెనాలి వచ్చింది. ఆ ఇంట్లో సంగతులు చూశాక మందరుడిలో జాలి తీసేస్తానని, తను చేసిన తప్పు తనే దిద్దుకుంటానని చెప్పింది.

"తీసేస్తే ఆయన నా మాట వినడా మేడమ్?"

"వింటాడమ్మా. మనసుకి పట్టించుకోడు, అంతే."

"ఉండనివ్వండి. మా హిమజ గురించి అడిగేది ఆయనొక్కడే" అంది మంగతాయారు. సువర్చల కాదనలేక వెళ్ళిపోయింది. కాదని ఉంటే బాగుండేది.

పెద్ద పోటీ వచ్చింది. ప్రసన్న తరఫు జట్టుకి నాగకవచం కావాలి, అది మందరుడి కొట్లో ఒక్కటే ఉంది. మంగతాయారు మైకు ముందు కూర్చుంది. వెనకాల గోవర్ధన్, ప్రసన్న నిలబడ్డారు. ఆవిడ ఆసుపత్రి సంగతి చెప్పింది, ప్లేట్‌లెట్లు పడిపోయిన సంగతి చెప్పింది, పిల్ల మంచినీళ్ళడిగిన సంగతి చెప్పింది. చెప్పీచెప్పీ నలిగిన మాటలు అప్పజెప్పినట్టు వచ్చేశాయి.

మందరుడు ధర చెప్పాడు. అందరికీ చెప్పే ధరే.

"హిమజ గురించి చెప్పాను కదయ్యా" అంది మంగతాయారు.

"విన్నాను తల్లీ. ఇదివరకు నీ గొంతులో బాధ ఉండేది. ఇప్పుడు లేదు."

ఆవిడ మొగుడి వైపు తిరిగింది. "నేను దాన్ని మర్చిపోతున్నానా అండీ?" అని అడిగింది. అప్పుడు ఆవిడ ఏడ్చింది. పిల్లని తీసుకెళ్ళిననాడు కూడా వీధిలోవాళ్ళు అలాంటి ఏడుపు వినలేదు. ప్రసన్నకి కళ్ళనీళ్ళు తిరిగాయి. తుడుచుకుంటూనే మైకు ఆవిడ నోటి దగ్గరికి జరిపాడు.

"ఇప్పుడు అడుగక్కా" అన్నాడు.

ఆవిడ ఏమీ అడగలేదు. మందరుడు ఆ ఏడుపు విని తక్కెడ దించేశాడు.

"తీసుకో తల్లీ. ఊరికే తీసుకో."

ఆ ఆట పుట్టాక మందరుడు ఊరికే ఇచ్చిన సరుకు అదొక్కటే. జట్టు గెలిచింది. ప్రసన్న స్వీట్లు పట్టుకొచ్చాడు.

మర్నాడు పని వేళకి గోవర్ధన్ కుర్చీ లాక్కుని భార్య పక్కన కూర్చున్నాడు. ఆవిడ మొహంలోకి చూడకుండా మెల్లిగా అడిగాడు.

"నిన్న ఆయన నీ గొంతులో ఏం లేదన్నాడో గుర్తుందా తాయారూ?"

ఆవిడకి గుర్తొచ్చింది. ఏడుపు తన్నుకొచ్చింది. అతను మైకు ఆన్ చేశాడు.